బండి కందెన, బావ ఫ్యాను

ఈ హైటెక్ సిటీకి మొట్టమొదటి ఇంజనీరును నేనే. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. ఈ అద్దాల మేడలు లేవకముందు, వీటి కిందున్న గుట్టలను ఇంకా ఎవరూ పేల్చకముందు, బస్సు దిగి రెండు మైళ్ళు నడిస్తే గానీ మా ఊరు రాని కాలంలో, ఈ చుట్టుపక్కల ఉన్న ఒకే ఒక్క కరెంటు ఫ్యాను ఆగిపోతే, దాన్ని ఒంటి చేత్తో విప్పి, లోపలి రోగం కనిపెట్టి, మళ్ళీ తిప్పినవాణ్ణి నేను. అప్పటికి నాకు పదహారేళ్ళు. చేతిలో సరైన స్క్రూడ్రైవరు కూడా లేదు.

మొన్న మా కోడలితో ఈ మాటే అన్నాను. మేముండే పదకొండో అంతస్తులో నా గది ఫ్యాను మూలుగుతూ తిరగడం మానేసింది. కోడలు ఫోనులో ఏదో నొక్కింది. గంటలో యూనిఫారం వేసుకున్న మనిషొకడు వచ్చి, స్టూలెక్కి, కండెన్సరు మార్చి, పది నిమిషాల్లో దిగాడు. నేను కింద నిలబడి, ముందు చేత్తో తిప్పి చూడు, బిగుసుకుందో వదులుగా ఉందో తెలుస్తుంది అని రెండుసార్లు చెప్పాను. అతను పైనుంచి ఒకసారి నా వంక చూశాడు. ఆ చూపులో గౌరవం కనిపించింది నాకు. కోడలు మాత్రం అది జాలి అంటుంది.

ఎక్కడ నేర్చుకున్నారు మామయ్యా ఇదంతా అని పాపం మర్యాదకు అడిగింది. అడక్కుండా ఉండాల్సింది.

మా ఊళ్ళో అప్పుడు ఇళ్ళకంటే గుండ్లు ఎక్కువ. ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చిపోయినట్టుండే పెద్ద పెద్ద గుండ్లు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు. మేము మేకల్ని తోలుకెళ్ళిన గుట్ట ఉన్నచోట ఇప్పుడు కార్లు నిలిపే నేలమాళిగ ఉంది, నాలుగు అంతస్తులు, భూమిలోకి. మా నాయన ద్రాక్షతోట ఎక్కడుండేదో చూపించమంటే చూపించలేను. కాఫీ అమ్మే ఒక దుకాణం దగ్గర నిలబడి ఇక్కడే అంటాను గానీ, అది అందాజుగా చెప్పేదే.

కరెంటు మా ఊరికి మనుషుల కోసం రాలేదు, బావుల కోసం వచ్చింది. ద్రాక్షతోటకు నీళ్ళు తోడటానికి నాయన మోటారు పెట్టించాడు. ఆ చేత్తోనే ఇంట్లో రెండు బల్బులు, ఒక ప్లగ్గు. ఆ ప్లగ్గు ఎందుకో మాలో ఎవరికీ తెలీదు. లైన్‌మన్ పెట్టుకోమన్నాడు, పెట్టుకున్నాం. దానికి పని పడింది మా అక్క పురుటికి వచ్చిన ఏడు.

అక్కకు తొలిచూలు. ఎండాకాలం మొదట్లో ఆడపిల్ల పుట్టింది. వెనక గది వాళ్ళకిచ్చారు. గుండురాళ్ళ గోడలు, షాబాదు బండలు, పైన సిమెంటు రేకులు. మధ్యాహ్నమయ్యేసరికి ఆ రేకుల వేడి గదిలోకి దిగి మంచం మీద కూర్చునేది. దానికి తోడు మా నాయనమ్మ రాజ్యం. కిటికీ మూసి గోనెపట్టా కట్టేసింది. అక్క తలకు గుడ్డ, చెవుల్లో దూది. పొద్దునా మాపునా నిప్పుల మీద సాంబ్రాణి, వాము. ఆ గది తలుపు తీస్తే వాము పొగ, ఎల్లిపాయ, పాలు, ఆముదం, అన్నీ కలిసి ముక్కుకు తగిలేవి. ఈనాటికీ ఎవరింట్లోనైనా వాము వేగితే నాకు కళ్ళలో పొగ మండినట్టే ఉంటుంది.

బాలింతకు గాలి తగలకూడదని నాయనమ్మ పంతం. గాలి చెవుల్లోంచి లోపలికి పోయి నడుములో కూర్చుంటుందట. వయసులో ఊరుకుని, ముసలితనంలో లేస్తుందట. అది చెప్పేటప్పుడు తన నడుమే పట్టుకుని చెప్పేది కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేకపోయేవాళ్ళు.

అక్కకు బెల్లం, శొంఠి, మిరియాలు దంచి చేసిన కాయం ఒక జాడీలో ఉండేది. పొద్దునే ఒక ముద్ద తినాలి. ఆ జాడీ వారంలో ఖాళీ అయ్యింది. బాలింత బాగా తింటున్నదని నాయనమ్మ సంబరపడి మళ్ళీ దంచింది. అక్క నా పేరు బయట పెట్టలేదు. ఆమె పెళ్ళై పోయాక మా ఇంట్లో నాతో పోట్లాడేవాళ్ళే లేకుండా పోయారు. నన్ను తిట్టి, నా మీద చాడీలు చెప్పి, మళ్ళీ తన పళ్ళెంలోంచి రొట్టెముక్క తుంచి పెట్టే మనిషి మూడు నెలలు ఇంట్లో ఉంటుందంటే నాకు పండగే. తొలిచూలు బిడ్డను మూడోనెల దాకా ఉంచుకుని, చీర పెట్టి, ఉయ్యాలతో సాగనంపాలి. అంతకు ముందే పోయిందంటే పుట్టింట్లో పురుడు నిలవలేదని ఊరంటుంది. అమ్మకు ఆ మాట తలుచుకుంటేనే నిద్ర పట్టేది కాదు.

బావ పట్నంలో ఒక ఆఫీసులో గుమాస్తా. ఆదివారం ఆదివారం వచ్చేవాడు. ఒక ఆదివారం పిల్లను బోర్లా పడుకోబెట్టి చూస్తే వీపంతా చెమటకాయలు, ఎర్రగా, రాగిపిండి చల్లినట్టు. మరుసటి ఆదివారం గోనెసంచిలో ఏదో బరువు భుజానికెత్తుకుని, ఆ ఎండలో రెండు మైళ్ళు నడిచి వచ్చాడు. సంచి విప్పితే ఆకుపచ్చ రంగు టేబుల్ ఫ్యాను.

దాన్ని చూడ్డానికి ఊరంతా వచ్చింది. ఊరంతా అంటే ఏడెనిమిది మంది, అందులో సగం మా ఇంటివాళ్ళే. బావ ప్లగ్గు పెట్టి తిప్పి చూపించి, నాయనతో మెల్లగా అన్నాడు.

"మామా, ఇది తిరిగినన్ని దినాలు తల్లీ పిల్లా ఈడ్నే ఉండనీ. పిల్లకు ఎండ తాకితె మాత్రం నేను ఊకోను, తోల్కపోత. మా ఇంట్ల పైన ఫ్యాను ఉంది."

కోపంగా అనలేదు. అందుకే అందరికీ భయం వేసింది.

నాయనమ్మతో మాత్రం పెద్ద రాయబారం నడిచింది. చివరికి ఒప్పందం ఏమిటంటే, ఫ్యాను మొహం గోడకు పెట్టాలి. గాలి గోడకు కొట్టుకుని, అలసిపోయి, మెత్తబడి పిల్లదాకా రావాలి. అట్లాగే పెట్టాం. ఆ గోడకు హాయిగా ఉండి ఉంటుంది. అయినా మూడో రోజుకే పిల్ల వీపు చల్లబడింది, గుక్కపట్టి ఏడవడం తగ్గింది.

ఒకటే బాధ. ఫ్యాను మెడ అటూ ఇటూ తిరిగినప్పుడల్లా కీచుమనేది. పిల్ల ఉలిక్కిపడి లేస్తున్నది, జర దీని సంగతి చూడు తమ్మీ అన్నది అక్క. ఇంజనీరింగు నాలో అప్పుడే మేలుకున్నది.

ఇక్కడ మొదటి నిజం చెప్పాలి. నేను బాగుచేసిన ఫ్యానును ముందు పాడుచేసింది కూడా నేనే.

మా ఎడ్లబండి కింద కందెన బుర్ర వేలాడుతుండేది. వరిగడ్డి కాల్చిన మసి ఆముదంలో కలిపి చేసిన నల్లటి ముద్ద. బండి ఇరుసు కీచుమంటే పుల్లతో కాస్త పూస్తాం, నోరు మూసుకుంటుంది. బండికీ ఫ్యానుకూ తేడా ఏముంది? ఇరుసు ఇరుసే కదా. అక్క స్నానానికి పోయిన సమయం చూసి, ఫ్యాను వీపు మీదున్న చిన్న చిల్లులో, మెడలో, రెక్కల వెనక, ఎక్కడెక్కడ సందు దొరికితే అక్కడ పుల్లతో కూరాను. కొంచెం పూస్తే చాలేమో. నేను పనిచేస్తే కొరత ఉండదు.

రెండు రోజులు పిల్లికూన గురకలా తిరిగింది. కీచు లేదు. ఏం చేశావురా అని అమ్మ అడిగితే, చెప్తే అర్థం కాదులే అన్నాను. మూడో రోజు రెక్కలు లెక్కపెట్టేంత నెమ్మదిగా తిరిగాయి. నాలుగో రోజు, శుక్రవారం మధ్యాహ్నం, ఆగింది. సీసాలో చిక్కుకున్న తుమ్మెదలా మూలుగుతుంది గానీ రెక్క కదలదు. పిల్ల మొదలుపెట్టింది. బావ రావడానికి మధ్యలో ఒక్క శనివారం.

గది మూలన చాపమీద పడుకున్న నాయనమ్మ, కళ్ళు తెరవకుండానే, "ఆగనీ" అన్నది.

అంతే, అందరి చూపూ ఆమె మీదికి తిరిగింది. నువ్వు ముట్టుకున్నావా అత్తా అని అమ్మ అడిగింది. "నేనెందుకు ముడుత? ముడితె సస్తరంట గద. నాకింక పదేండ్లుంది" అన్నది నాయనమ్మ. నాయన నమ్మలేదు. ఫ్యాను వచ్చిననాటి నుంచీ దాన్ని తిట్టింది ఆమె ఒక్కతే. రెండు పూటలు నాయన తల్లితో మాట్లాడలేదు, పక్కన కూర్చుని తినలేదు. ఆమె జొన్న గటక ముద్ద పట్టుకుని కొడుకు వంక చూడ్డం, కొడుకు గోడ వంక చూడ్డం, నేను మధ్యలో మామిడికాయ తొక్కు నంజుకుంటూ తల వంచుకుని తినడం. నోరు తెరిచి, అది నేను అని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట రాలేదు.

మాటకు బదులు వైద్యం మొదలుపెట్టాను. బల్బు వేసి చూశాను, వెలిగింది. ఫ్యూజు తీగ మార్చాను. అదేమీ తెగలేదు, అయినా మార్చాను. ప్లగ్గు తిప్పి పెట్టాను. వీపు మీద రెండు చరిచాను. దొండపందిరి కర్రతో రెక్కను తోశాను. ఒక చుట్టు తిరిగి, ఆలోచించుకుని, ఆగింది. స్విచ్చి వేసే ఉంచాను, ఎప్పుడో దానికే బుద్ధి పుట్టి తిరుగుతుందని. మా కోడలికి చెప్పినప్పుడు ఈ పరీక్షలన్నీ ఒక గంటలో చేశానని చెప్పాను. ఒకటిన్నర రోజు పట్టింది, ఏ ఒక్కదానికీ అర్థం లేదు.

శనివారం సాయంత్రం మా ముందు గదుల్లో కిరాయికున్న మిషనమ్మ వచ్చింది. వాళ్ళు గోదావరి వైపువాళ్ళు. భర్త లింగంపల్లి అవతల పెద్ద ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆమె కుట్టుమిషను పెట్టుకుని ఊరి ఆడవాళ్ళకు రవికలు కుట్టేది, అందుకే ఆ పేరు. ఎవరినైనా అండీ అనేది. మా బర్రెను కూడా జరగండి అంటుందని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. అది నేను పుట్టించిందే.

పాప ఎందుకలా ఏడుస్తోందని కనుక్కుంటూ లోపలికొచ్చి, మూలుగు విని, నన్ను చూసి, "ముందా స్విచ్చి ఆపండి బాబూ. తిరక్కుండా మూలిగితే లోపల తీగచుట్ట కాలిపోతుంది" అన్నది. ఆపాను. ప్లగ్గు కూడా పీకమన్నది. పీకాను. అప్పుడు వేలితో రెక్కను తోసింది. బల్బు వెలుగుతోందా అని అడిగింది. వెలుగుతోందన్నాను. మూలుగుతోంది కూడా, అంటే కరెంటు లోపలిదాకా వస్తోంది, ఇది కదల్లేకపోతోంది, అంతే తేడా అన్నది. నేను ఒకటిన్నర రోజు చేసింది ఆమె రెండు ప్రశ్నల్లో తేల్చేసింది. మిషను స్క్రూడ్రైవరు తెచ్చి వెనక మూత విప్పింది. లోపల నల్లటి జిగురు. వేలితో తీసి వాసన చూసింది.

నా వైపు చూసింది. తర్వాత వాకిట్లో బండి కింద వేలాడుతున్న బుర్ర వైపు చూసింది. మళ్ళీ నా వైపు చూసింది. నేను కాళ్ళ కింది షాబాదు బండను చదువుతున్నాను.

"ఏం లేదండీ వదినగారూ," అన్నది అమ్మతో, "దుమ్మూ నూనే కలిసి గట్టిపడింది. ఈ ఎండలకు అంతేనండి. పొద్దున్నే కడిగేద్దాం."

అమ్మ పొయ్యి దగ్గరికి పోయాక గొంతు తగ్గించి, మా మిషనుకు ఓసారి మా అత్తగారు ఆముదం పోశారు, ఇలాగే పట్టేసింది అని మాత్రం అన్నది.

ఆదివారం పొద్దున్నే వాకిట్లో గోనె పరిచి కూర్చున్నాం. ఆమె విప్పింది, ఆమె కడిగింది, ఆమె బిగించింది. ఒంటి చేత్తో అన్నాను చూడండి, ఆ చెయ్యి కిరసనాయిలు పళ్ళెం పట్టుకున్నది. మేము గ్యాసునూనె అనేవాళ్ళం. కోడి ఈకను గ్యాసునూనెలో ముంచి ఇరుసు వెంట పూస్తే నల్లటి రసం కారేది. గుడ్డతో తుడిచి మళ్ళీ పూయాలి. మూడుసార్లు. చివరికి వేలు తగిలితే చాలు, ఇరుసు దానంతటదే గిర్రున తిరిగింది. ఎండలో ఆరబెట్టి, రెండు చోట్ల రెండే చుక్కలు మిషను నూనె వేసింది. ఇంతేనా అన్నాను. ఇంతే, ఎక్కువైతేనే తెగులు అన్నది.

ఫ్యాను ఇంకా గోనె మీద ముక్కలుగా ఉండగానే, దూరాన గుండ్ల మధ్య బావ తెల్లచొక్కా కనిపించింది.

ఆనాడు మా ఇంట్లో జరిగిన నాటకం ఇంకెప్పుడూ చూడలేదు. నాయన ఎదురుపోయి, అల్లుణ్ణి ఇంట్లోకి రానివ్వకుండా బావి దగ్గరికి తీసుకుపోయి మోటారు చూపించాడు. ఆ మోటారును బావ అంతకు ముందు మూడుసార్లు చూశాడు. అక్కణ్ణుంచి ద్రాక్షపందిరి కిందికి. పుల్లగా ఉన్న గుత్తి ఒకటి కోసి తినమన్నాడు. తిరిగొచ్చాక అమ్మ కాళ్ళకు నీళ్ళిచ్చింది, చల్ల ఇచ్చింది, జొన్నరొట్టె పెట్టింది, ఇంకొకటి పెట్టింది. మరదలు వరసైనా లేని ఇంట్లో ఆయనకంత మర్యాద ఎందుకు జరుగుతున్నదో ఆయనకు అర్థం కాలేదు. ఈలోగా నేనూ మిషనమ్మా పెరటిదారిన ఫ్యానును గదిలోకి చేర్చాం. ప్లగ్గు పెట్టాను. ఒక క్షణం మూలిగింది. నా గుండె కూడా. తర్వాత రెక్కలు మసకబడి, గుండ్రమై, గాలి వచ్చింది.

బావ గుమ్మంలో నిలబడి చూసి, పిల్లను ముట్టుకుని, ముక్కు ఎగబీల్చాడు.

"ఏంది, గ్యాసునూనె వాసనొస్తుంది?"

మూలనుంచి నాయనమ్మ లేచి కూర్చుంది. "నేనే నడుముకు రాసుకున్న బిడ్డా. గాలి కూసున్నది" అన్నది. ఆ ఫ్యానును తిట్టిన నోటితోనే. ఆయన సరేనన్నాడు. ఆ సాయంత్రం ఒక్కడే బస్సెక్కాడు. అక్క మూడోనెల దాకా ఉంది. చీరతో, ఉయ్యాలతో, దారి పొడుగునా ఊరు చూస్తుండగా అత్తగారింటికి పోయింది.

నాయన ఆ రాత్రి తల్లి పక్కన కూర్చుని తిన్నాడు. నాయనమ్మ ఊరుకుంటుందా, ఫ్యాను తన మొక్కు వల్లనే ఆగింది, మళ్ళీ తన మొక్కు వల్లనే తిరిగింది అని చెప్పుకోవడం మొదలుపెట్టింది. ఆమె దగ్గరికి మొక్కులు చెప్పించుకోవడానికి మనుషులు బారులు తీరారు. బారులంటే ఇద్దరు. అందుకని కందెన సంగతి నేను ఆమెకు చెప్పాల్సిన పనే లేకుండా పోయిందని నాకు నేను చెప్పుకున్నాను. అడిగినట్టు పదేళ్ళు బతికింది. ఆ పదేళ్ళలోనూ చెప్పలేదు. ఇప్పుడు చెప్తే వినేదెవరు?

ఒకే ఒక్క ఫ్యాను అన్నది కూడా అబద్ధమే. పటేలింట్లో రెండుండేవి. మిగతాదంతా నిజం. ఒక వాకిట్లో అంతమంది ఒకే పని మీద, ఒక పిల్లనూ తల్లినీ నిలుపుకోవడం కోసం ఒకళ్ళ అబద్ధానికి ఒకళ్ళు అండగా నిలబడటం, ఆ తర్వాత నేను ఎక్కడా చూడలేదు. ఆ వాకిలి లేదు, ఆ గుండ్లు లేవు. కళ్ళు మూసుకుంటే మాత్రం గ్యాసునూనె, వాము పొగ కలిసిన వాసన ఈ పదకొండో అంతస్తు దాకా వస్తుంది.

ఇంతవరకూ రాసి, నిన్న మా ఇంటికొచ్చిన అక్కకు చదివి వినిపించాను. లింగంపల్లిలో కొడుకు దగ్గర ఉంటుంది. ఆనాటి ఆ పిల్లకిప్పుడు మోకాళ్ళ నొప్పులు. అక్క చివరిదాకా విన్నది, మధ్యలో రెండుసార్లు నవ్వింది కూడా. బావ వచ్చిన వేళ లోపల నువ్వేమన్నావో నాకు గుర్తులేదు, ఏమన్నావు, సంబరపడ్డావా అని అడిగాను.

కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏం సంబరం? నేను పొద్దుగాల్నే పిల్ల బట్టలన్ని మూట కట్టి మంచం కింద పెట్టుకున్న. ఆయనొస్తడు, ఫ్యాను తిరగదు, తోల్కపోతడు అని. మీరంత ఉరికి ఉరికి దాన్ని తిప్పిన్రు. పొద్దుగూకినంక మూట ఇప్పుకున్న. ఉంటవా పోతవా అని నన్ను ఒక్కలన్న అడిగిన్రా?"

అంత కష్టమేమొచ్చింది అక్కా అన్నాను.

"నాయనమ్మ దినానికి ఒక్క చెంబు కాగబెట్టిన నీళ్ళిచ్చేది. ఎండాకాలం, పాలిచ్చే మనిషికి. అత్తగారింట్ల అయితె కడుపునిండ తాగనిస్తుండె. మూడు నెల్లు దూపకే సచ్చిన నేను. రాస్తె గా మాట రాయి."